రద్దు ముద్ర

షార్జా, సజా ఇండస్ట్రియల్ ఏరియా.
మూడో గేటు కాడ లారీ కాంటా.
దాని మీదికెక్కినంక ఏదైనా కాయిదమే:
అట్టపెట్టె, పెండ్లికార్డు, బ్యాంకు నోటీసు,
ఎవ్వలు పంచని కరపత్రం.
కిలోకు గిన్ని ఫిల్స్.
ఏం రాసుందో కాంటా అడగదు.

ఆ దినం హ్యూస్టన్ కెళ్లి వచ్చిన కంటెయినర్ తెరిస్తే
ముందుగాల వాసనొచ్చింది.
బడి వాసన.
పోరగాండ్ల చేతుల జిడ్డు ఏండ్లకేండ్లు అట్టలకు పట్టి,
ఓడల ఉక్కకు మల్ల లేచిన వాసన.
మా ఊరి బడి అల్మారి తెరిసినా గిదే.

పద్దెనిమిది టన్నుల పుస్తకాలు.
ప్రతిదాని మొదటి పేజీల ఎర్రముద్ర.
"తీసేసినం" అని రాసుందని రోడెలియో చెప్పిండు.
ఆయన మనీలా అవుతల పంతులు చేసినోడు,
ఇప్పుడు మాకు ఫోర్‌మన్.
ఎందుకు తీసేసిన్రంటే
చేతులు ప్యాంటుకు తుడుసుకోని చెప్పిండు:
అక్కడ కొట్లాట నడుస్తుందట.
పిల్లలేం చదవాల్నో తేల్చేటి మీటింగుల
తల్లులు తల్లులు మైకు గుంజుకుంటున్నరట.
ఓట్ల డబ్బా ఏడ పెట్టాల్నో ఒక పంచాది,
లైన్ల నిలబడ్డోని కార్డు మీద ఇంకో పంచాది,
ఓట్లు లెక్కపెట్టే ముసలామె ఇంటి ముందర
తుపాకి పట్టుకోని ఎవడో రాత్రంతా నిలబడ్డడట.
"మరి పుస్తకమేం జేసిందే?"
"ఏం జేయలే. చేతికందింది, గంతే."

నా పని అట్ట ఇరుసుడు.
గట్టి అట్టను మిషిన్ మింగదు.
ఎడమచేత్తోని పట్టి, కుడిచేత్తోని వీపు ఇరిస్తే,
కోడిరెక్క ఇరిసినట్టు చప్పుడు.
ఘంటకు నూటయాభై.
పదో తరగతి ఇంగ్లీషుల తప్పినోన్ని,
ఇన్నేండ్లకు పగ తీర్చుకుంటున్న అనుకోని
పగటి దాంక నవ్వుకున్న.

అన్నం తిన్నంక చేతికొచ్చినదాని
ఎనుకట్టకు చిన్న జేబు, జేబుల చీటి.
చీటి మీద తేదీలు, ఒక్కటే పేరు అయిదుసార్లు,
పెన్సిల్‌తోని, ఒక అక్షరం ఉల్టా.
రోడెలియో కూడబలుక్కున్నడు: మా-రి-సోల్.
అయిదుసార్లు తీస్కపోయి అయిదుసార్లు తెచ్చిచ్చింది పిల్ల.
ఆరోసారి పోయినప్పుడు
అరలో సందు ఉండొచ్చు,
పక్క పుస్తకం ఆ సందులకు ఒరిగి ఉండొచ్చు.
చీటి నా లేబర్ కార్డు ఎనుక దాసుకున్న.
గేటు కాడ జేబులు తడిమేటోడు తీసి సూసి
మల్ల ఆడ్నే పెట్టిండు.

రాత్రి రూముకొస్తే రెండు కుక్కర్లు.
గంగమల్లుది జగిత్యాల దిక్కు, మొయినుద్దీన్‌ది నిర్మల్.
పదకొండేండ్లు ఒక్క గిన్నెల కలుపుకున్నోళ్లు.
మన దిక్కు బడి పుస్తకంల
ఏదో పాఠం తీసేసిన్రని ఫోన్లకొచ్చింది.
ఒకడు మంచిగైందన్నడు, ఒకడు ఎందుకైందన్నడు.
ఆ పాఠం ఇద్దరు చదవలే. నేను సుత చదవలే.
ఇగ వీడియోలు. ఈనకొచ్చినయి ఆనకు రావు.
శుక్రవారం మొయిన్ కొత్త కుక్కర్ కొన్నడు.
గిప్పుడు ఒకటి కూస్తే రెండోది ఊకోదు.

ఎలక్షన్లు రానియ్యి, సూపిస్తం, అంటడు గంగమల్లు గోడతోని.
ఏం సూపిస్తవురా?
నీ పేరు నా పేరు లిస్టులనే లేకపాయె.
ఇంటికొచ్చినోళ్లు "ఈడ ఉంటలేడు" అని రాసుకపోయిన్రట,
అబద్ధమేం రాయలే.
ఈ దేశంల అడిగేటోడే లేడు.
ఓటు లేనోళ్లిద్దరు
ఓటు మీద మాటలు బంద్ పెట్టుకున్నరు.

మేం పంపిన పేజీలు పక్క ఫ్యాక్టరీల నానుతయి.
వారం తిరిగేసరికి గుడ్ల ట్రేలైతయి.
నిన్న మొయిన్ ఒక ట్రే తెచ్చిండు, ముప్పై గుడ్లు.
ఎవ్వల దిక్కు సూడకుంట
రెండు కుక్కర్ల నడుమ పెట్టి పండుకున్నడు.
గంగమల్లు లైటు ఆర్పలే.
ఇద్దరు మెల్కతోనే ఉన్నరు, మంచాలు కిర్రుమంటున్నయి.

నేను ఒక గుడ్డు లేపి
దాని కింది బూడిదరంగు గుంతను
గోరుతోని గీకి సూస్తున్న.