మసక అతుకు

లేసు సూదిలా పట్టుకోకండి పిన్నిగారూ,
ఇది కాలుతుంది, అన్నాడు ఏసుపాదం.
నరసాపురం బస్టాండు వెనక సందులో
సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.
ఇంకా మీసం సరిగ్గా రాలేదు.
నాకు నలభై నాలుగు.
నా వేళ్ల మీద దారం కోసిన గీతలు
అతని వయసుకంటే పాతవి.

కావలసింది చిన్నదే.
మా ఆయన మొగల్తూరు అవతల
రొయ్యల చెరువు గట్టున పడుకుంటాడు.
పదకొండేళ్లు రైసుమిల్లు మోత తిన్న చెవులు.
కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
గట్టు మీద మిగతావాళ్లని
ఆ నిశ్శబ్దమే తట్టి లేపుతుంది.
ఈయనకి ఎప్పుడూ నిశ్శబ్దమే.
పోయినేడాది వైశాఖంలో
ఒక్క నిద్ర ఖరీదు
నాలుగు నెలల పంట.
తెల్లారేసరికి అంచుల వెంట ఎర్రబారి పడున్నవాటిని
నేనే బుట్టలకెత్తాను.
ఆయన్ని ఒక్క మాట అనలేదు.
అనుంటే వినపడేదీ కాదు.

అంచేత మోత వద్దు, వణుకు కావాలి.
పాడైన ఫోన్ల కడుపులోంచి
మూడు మోటార్లు ఏరి నా అరచేతిలో పెట్టాడు,
ఒక్కోటి చొక్కా గుండీ అంత.
వాటి వైర్లకంటే వెంట్రుకలు నయం.

మొదటి పాఠం, ముక్కు తుడవడం.
ఐరన్ మొనని తడి స్పాంజికి రాస్తే
చుయ్‌మంది, అట్టు పోసేముందు పెనంలా.
రెండోది, వైరు కొసకి ముందే కాస్త లెడ్డు తాగించడం,
దారం కొస తడిపి సూదికి ఎక్కించినట్టు.
మూడోది ఎంతకీ పట్టుబడలేదు:
"లెడ్డుని కాల్చకండి. చోటుని కాల్చండి.
చోటు వేడెక్కితే అదే పారుతుంది,
తూము ఎత్తితే బోదెలోకి నీళ్లు పోయినట్టు."
నేను లెడ్డునే కాల్చాను.
అది ఉండకట్టి, దొర్లి,
నా చీర మీద పడి చిల్లు పెట్టింది.
(ఆ చిల్లు చుట్టూ తర్వాత ఒక పువ్వు కుట్టాను.)

పొగ గుగ్గిలం వాసన.
అంత దగ్గరగా వంగొద్దంటాడు.
వంగకపోతే ఆ వైరు నాకెక్కడ కనపడుద్ది?

ఇంకోటి, అతికే ముందే
వైరుకి రబ్బరు తొడుగు ఎక్కించుకోవాలట.
మరిచిపోయాను. ఊడదీశాను.
అతికాను. మళ్లీ తొడుగు మరిచిపోయాను.
ఏసుపాదం నవ్వాపుకోలేక
టీ తెస్తానని బయటికెళ్లాడు.

ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
ఐరన్ తీశాక చెయ్యి కదపకూడదు,
నాలుగు లెక్కపెట్టాలి.
ఆ నాలుగంకెల్లో
నీళ్లలా ఉన్న లెడ్డు ఇనుమవడం చూశాను.
ముప్పయ్యేళ్లుగా నేను వేసిన ముడులేవీ
కళ్లముందు ఇలా మనసు మార్చుకోలేదు.
కదిపితే మసకబారుతుంది.
చూపుకి అతుకే, లోపల పొడిపొడి.
"ఇట్టాంటిదాన్ని నమ్మకూడదు పిన్నిగారూ."
పన్నెండు అతుకుల్లో పదకొండు మెరిశాయి.
పన్నెండోదాన్ని చూసి నేనే చూపు తిప్పుకున్నాను.
బస్సు వేళయింది.

దిండు గలేబుకి నా చేతి లేసు వేసి
మోటార్లు మూడూ దూదిలో పెట్టి కుట్టాను.
ప్లగ్గు పీకితే దిండు
గుడ్ల మీద పావురంలా గురగురమంది.
ఎలకేమోనని ఆయన దులిపి చూశాడు.

ఆ తర్వాత మూడు రాత్రులు
కరెంటు పోలేదు.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఫ్యాను కింద పడుకుని
పోతే బాగుండునని ఎదురుచూశాను.

నాలుగో రాత్రి రెండుంబావుకి పోయింది.
ఫోన్ చేస్తే ఎత్తడు, వినపడదు కదా.
చీకట్లో కూర్చుని
అతుకులు లెక్కపెట్టుకున్నాను,
ఎర్రది, నల్లది, ఎర్రది, నల్లది,
పన్నెండో దగ్గరికొచ్చేసరికి
మళ్లీ మొదటికెళ్లేదాన్ని.

పొద్దెక్కాక వచ్చాడు.
చేతులనిండా జనరేటరు డీజిలు వాసన.
కరెంటొచ్చాక మళ్లీ పడుకున్నట్టున్నాడు,
ఎడమ చెంప మీద
నా లేసు పువ్వు అచ్చు.

దిండు కుట్టు విప్పి చూశాను.
పన్నెండోది మసకగానే ఉంది.
పట్టుకునే ఉంది.
బుధవారం నరసాపురం వెళ్లాలి.