పెన్సిలు పట్టే సందు

గ్లాస్గోలో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
వీధి దీపాలు వెలిగాయి.
ఎర్రరాతి మేడ. నాలుగిళ్లకీ ఒకటే మెట్లదారి.
నేను పనిలో చేరి మూడో వారం,
ఎల్స్‌పెత్‌కి ఇరవయ్యారో ఏడు.

అట్టడుగు ఇంట్లో మిసెస్ గాల్‌బ్రేత్
తలుపు సగమే తీసి, గొంతు తగ్గించి అంది:
"మా ఇంట్లోవి కావు. పైవాళ్లవి."

పై ఇంటి లాక్లన్, బస్సు నడిపే మనిషి,
"కిందావిడ పిచ్చుకలకి గింజలు చల్లుతుంది, చూడలేదూ?
విషం పోసెయ్యండి, అన్ని మూలలా, ఎంతైనా ఇస్తాను."
ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పంటించే రకం.
"విషం తిన్నది గోడలో చస్తుంది," అంది ఎల్స్‌పెత్,
"నెల రోజుల కంపు మాత్రం నీది."

మూడో తలుపు వెనక టీవీ గొంతు తగ్గింది,
తలుపు మాత్రం తెరుచుకోలేదు.
మళ్లీ కొడితే, చంకలో పిల్లతో, రాత్రి డ్యూటీ కళ్లతో
ఒకమ్మాయి. "మా ఇల్లు శుభ్రమే," అంది
మేమింకా ఏమీ అడగకముందే.

పై అంతస్తులో ఓర్ గారికి చెముడు.
ఆయనకి ఎలుకలే వినబడవు.

ఎల్స్‌పెత్ ఎవరితోనూ వాదించదు.
చెవి మీది పెన్సిలు తీస్తుంది.
గోడకీ గొట్టానికీ మధ్య, మెట్టుకీ రాతికీ మధ్య
దూర్చి చూస్తుంది.
"ఇది పడితే చుంచు పడుతుంది. దానికి ఎముకల్లేవనుకో."

మోకాళ్ల మీద పాకడం మా ఉద్యోగం.
గోడ అంచున జిడ్డు మరక, అదే దాని రాజమార్గం.
మైదా పిండి చల్లి పొద్దున్నే వచ్చి చూస్తే
చిన్న చిన్న కాళ్లు, మధ్యలో తోక గీసిన గీత,
ఎవరో తొందరలో సంతకం చేసి పోయినట్టు.
బోనులో జున్ను పెట్టబోతే నవ్వింది:
"అవి కథల్లో ఎలుకలబ్బాయ్. వీటికి చాక్లెట్ ముద్ద పెట్టు."

గూడు దొరికింది మూడో ఇంట్లో,
స్నానాల తొట్టి పక్క చెక్క ఊడదీస్తే.
అరచేతిలో పట్టేంత గుండ్రంగా, వెచ్చగా.
టార్చి వెలుగులో పోగు పోగు విడదీసి చూపించింది:
ఆకుపచ్చ ఉన్ని, మిసెస్ గాల్‌బ్రేత్ మఫ్లరుది.
గులాబీ కాగితం పీలికలు, లాక్లన్ చింపేసిన లాటరీ టికెట్లు.
పసిపిల్ల పరుపులోని దూది.
ఎర్రటి మెత్తటి బొచ్చుగుడ్డ? అది ఎక్కడిదో
పైకెళ్లి పియానో మూత ఎత్తితే గాని తెలియలేదు.

లోపల అయిదు. గులాబీ రంగు, కళ్లింకా తెరవలేదు.
చూపు తిప్పుకోమని ఆమె నాకు చెప్పలేదు.
ఏం చెయ్యాలో అది చేసి,
చేతి తొడుగులు విప్పి, చాలాసేపు చేతులు కడుక్కుంది.
నీళ్లు వేడెక్కడానికి ఆ ఇంట్లో టైము పడుతుందని
అప్పుడు గమనించాను.

తర్వాత రెండు రోజులు మూతలే.
స్టీలు పీచు కుక్కడం, సున్నం మెత్తడం,
వీధి తలుపు కింద బ్రష్షు పట్టీ బిగించడం.
నాలుగిళ్లని కలిపే దారులన్నీ
ఒక్కటొక్కటే మూసేశాం.

చివరికి బిల్లు. ఎవరెంత ఇవ్వాలని
నలుగురూ మెట్ల మీదికొచ్చి పోట్లాట.
నాలుగు వాటాలన్నారు, కాదన్నారు, మళ్లీ ఔనన్నారు.
మధ్యలో మిసెస్ గాల్‌బ్రేత్ ఆగి, తల పైకెత్తి
"ఆ పియానో మీదా?" అని అరిచింది. "రేడియో అనుకున్నాను ఇన్నేళ్లూ!"
ఓర్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని
"ఏమిటీ?" అన్నాడు.
పిల్ల లాక్లన్ బొత్తాం పట్టుకుని లాగుతోంది.

రసీదు రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని
ఎల్స్‌పెత్ నిచ్చెన ఎత్తుకుంది.
వాన. వ్యాను ఎక్కడం ఆలస్యమైంది మాకు,
మెట్ల దారిలో ఇంకా ఎవ్వరూ కదలడం లేదు.