గొలుసుకి ఇవతల

ఓడ వచ్చిన రోజు మా రోసో ఊరికి ఒక గోడ మొలుస్తుంది.
పన్నెండంతస్తుల తెల్లగోడ.
సముద్రం కనబడాలంటే
సాయంత్రం అది కదిలేదాకా ఆగాలి.

రేవు వాకిట్లో ఇనప గొలుసు.
మంగళవారాలు నేను దానికి అవతల ఉంటాను.
ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు,
చేతిలో కర్రకి గుచ్చిన పద్నాలుగు.
ఎక్కేవాళ్ళ గుండెల మీద కూడా పద్నాలుగే,
గుండ్రటి పసుపు బిళ్ళ.
ఆ పూట నా పేరు కూడా అదే.

గురువారాలు ఇవతల.
నా సొంత వ్యాను, తలుపుకి తాడు,
అట్టముక్క మీద మా చిన్నది బొగ్గుతో రాసిన అక్షరాలు:
ఇగ్నేషియస్. జలపాతం. నలభై.

జలపాతం అదే.
మంగళవారం దానికి తొంభై తొమ్మిది డాలర్లు.
నీళ్ళకి ఆ సంగతి తెలీదు, ఒకేలా దూకుతాయి.
తొంభై తొమ్మిదిలో నా చేతికొచ్చేది ఎంతో
ఇక్కడ చెప్పను, మా ఆవిడ వింటోంది.

తేడా ఎక్కడంటే, నిద్రలో.
మంగళవారం వాళ్ళు కొండ మలుపుల్లో నోరు తెరిచి నిద్రపోతారు.
పద్నాలుగు ఆలస్యమైతే ఓడ తిట్టుకుంటూ అయినా ఆగుతుంది.
గురువారం వాళ్ళు పేరడుగుతారు, పిల్లలెందరని అడుగుతారు,
అడుగుతూనే వాచీ చూస్తారు.
నా వ్యాను కోసం ఓడ
ఒక్క తుమ్ము సేపు కూడా ఆగదు.

మొన్న గురువారం ముగ్గురెక్కారు.
సాస్కటూన్ నుంచి హాల్డోర్సన్ దంపతులు,
ఆవిడ చెల్లెలు, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి.
"జలపాతం సరే, మీరు మధ్యాహ్నం ఏం తింటారో అది చూపించు" అంది.
మా యుడోరా అత్త పెరట్లో ఆపాను.
నిప్పుల్లోంచి తీసిన బ్రెడ్‌ఫ్రూట్,
నల్లటి తొక్క కింద తెల్లటి పొగ.
చేతులు మార్చుకుంటూ, ఊదుకుంటూ తిన్నారు.
బస్సు పద్నాలుగు అక్కడ ఆగకూడదు. కాగితంలో లేదు.

అప్పుడు వాన.
మా వాన అడిగి రాదు, చెప్పి పోదు.
వాటెన్ వేవెన్ మలుపులో కొండ జారి
ఎర్రమట్టి రోడ్డుకి అడ్డంగా పడుకుంది.
టైము మూడూ నలభై. ఓడ తాళ్ళు విప్పేది అయిదింటికి.
చెల్లెలు వాచీ విప్పి జేబులో పెట్టుకుంది.
ఆ పని చూసి నాకు గుండె గొంతులోకొచ్చింది.

మట్టి ముందు ఇంకో బండి ఆగి ఉంది. ఓడ బస్సు, నంబరు తొమ్మిది.
ఒట్టు, ప్రాణం లేచొచ్చింది.
పొరుగువాడి కష్టం చూసి అంత సంతోషించడం
నాకదే మొదలు, అదే ఆఖరు కావాలి.
దాన్ని నడిపేది కత్‌బర్ట్. మంగళవారం నా పక్కన నిలబడేవాడు.
ఇద్దరం కత్తులు తీసి కొమ్మలు నరికాం, పారలు అడుక్కొచ్చాం.
నలుగురు ఊరివాళ్ళు, ఒక ఎద్దు, చాలా బూతులు.
దారి పడేసరికి నాలుగూ ఏభై.

వాడి బస్సు ముందు, నేను వెనక.
నడుమ ఒక ట్రక్కు దూరింది. వాణ్ణి నేను క్షమించలేదు.
గేటు దగ్గరికి చేరేసరికి
తెల్ల యూనిఫాం ఆయన తలలు లెక్కపెడుతున్నాడు.
ముప్పై, ముప్పై ఒకటి.
ముప్పై రెండో ముసలాయన చెయ్యి పట్టుకుని దింపాల్సిన కత్‌బర్ట్
మెట్టు మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు.
కట్టాడు. నచ్చలేదేమో, విప్పాడు.
మళ్ళీ కట్టాడు.
నా ముగ్గురూ గొలుసు దాటి పరిగెత్తారు.
హాల్డోర్సన్‌గారి టోపీ ఎగిరింది, ఆయన వెనక్కి చూడలేదు.

వాడితో ఈ సంగతి నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.
వ్యాన్లో సీటు మీద
పేపర్లో చుట్టిన సగం పండు మిగిలింది.
ఇంకా వెచ్చగానే ఉంది.

ఇవాళ మంగళవారం. నేను పద్నాలుగు.
వెనక మలుపులో ఎవరిదో పాత వ్యాను హారన్ కొడుతోంది.
వంగి చూసుకున్నాను.
తాళ్ళున్న బూట్లే వేసుకొచ్చాను.