ఏడో గడి

ఒకే బండి. తాళంచెవి లేకుండా స్టార్టయింది.
సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా జీపు ఆపింది ఇద్దర్నీ.
నడిపినవాడు ఋత్విక్,
వెనక కూచున్నవాడు మసేను.

తెల్లారకముందే ఎంవీపీ కాలనీ నుంచి కారొచ్చింది,
ప్లీడరొచ్చాడు, టెన్త్ మార్కుల జాబితా వచ్చింది,
"పిల్లచేష్ట సార్" అన్న మాటొచ్చింది.
స్టేషన్లో ఆ మాట ఒక్కటే ఉన్నట్టుంది,
రెండోవాడి దాకా రాలేదు.

మసేను తండ్రి అప్పటికి వేటలో ఉన్నాడు,
ఫోను అందనంత లోపల.
తల్లి వచ్చింది, చేపల తట్ట గేటు బయట దించి.
పుట్టిన తేదీ ఎంతమ్మా?
"ఏటో బాబూ, మా పడవ ఇంజిను తాకట్టెట్టిన ఏడు."
ఆ ఏడు ఏ గడిలోనూ పట్టలేదు.

అందుకని కేజీహెచ్‌లో మణికట్టుకి ఎక్స్‌రే.
ఒకడి వయసు కాగితం చెప్పింది,
ఇంకొకడిది ఎముకలో వెతికారు.

నేను ప్రొబేషన్ ఆఫీసర్ని.
పదకొండేళ్లుగా పిల్లల్ని గళ్లలో నింపుతున్నాను.
ఏడో గడి: పరిసరాలు.
జాలరిపేట అని ఉంటే చాలు,
"నేరప్రభావిత ప్రాంతం" దగ్గరికి
చెయ్యి దానంతటదే వెళ్లి టిక్కు పెట్టి వస్తుంది,
ఇంటిదారి తెలిసిన ఆవులా.
ఎంవీపీ పిల్లాడికి "మంచి వాతావరణం" రాసిందీ ఈ చెయ్యే.
రెంటికీ మధ్య ఆటోకి ఇరవై రూపాయలు.

హోంలో నన్ను చూడగానే లేచాడు మసేను,
జేబుల్లోంచి రెండు చేతులూ తీసి
అరచేతులు నావైపు తిప్పి నిలబడ్డాడు.
ఎవరు నేర్పార్రా ఇలా?
"ఎవరూ నేదండి. బీచిలో జీపొస్తే ఇలగే నిలబడాల."
వలతాడు కోసిన గీతలు,
చేతిరేఖల్ని అడ్డంగా కొట్టేస్తూ.

ఆ రాత్రి ఏడో గడిలో రాశాను:
తూర్పున సముద్రం.
తెల్లవారుజాము మూడింటికే వీధి మేలుకుంటుంది.
పక్కింటి పోలమ్మ మూడు రోజులుగా
ఈ పిల్లాడి వాటా అన్నం తీసి ఉంచుతోంది.

"ఇది రిపోర్టా, ఏమన్నా కథా?" అన్నారు పైవాళ్లు.
గడి పట్టకపోతే వెనక పేజీ వాడమని కూడా అన్నారు,
ఎగతాళికే. వాడాను.

ఋత్విక్ ఒక్క పూటలో ఇంటికెళ్లాడు.
మసేనుకి పంతొమ్మిది రోజులు పట్టింది.

గేటు దగ్గర తల్లి తట్ట వాడే ఎత్తుకున్నాడు.
నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు,
ఏదో మర్చిపోయినవాడిలా.
"ఋత్విక్ గాడిక్కూడా ఎముకల పొటో తీసారేటి మేడం?"

బస్సొచ్చింది.
చిల్లర ఉందా అని అడిగాను.