పోక, రాక

మామకు నిద్ర రాదు.
ఇరవై రెండేండ్లు మంచుల కావలి కాసిన కండ్లు
పింఛను కాగితం మీద సంతకం పెట్టంగనే మూతపడతయా?
ఎడమకాలికి రెండు వేళ్ళు లేవు.
అవి సియాచిన్ల ఉన్నయి, ఇంకా డ్యూటీలనే అంటడు.

హవల్దార్ ఓదేలు.
ఊళ్ళె అందరికీ మిల్ట్రీ ఓదేలు.
వాకిట్ల ప్లాస్టిక్ కుర్చీ, మోకాళ్ళ మీద పొడుగు రిజిస్టర్,
స్కేలు పెట్టి గీసిన రెండు గళ్ళు: పోక, రాక.
పాలాయన పోక. పరకాల బస్సు రాక.
సారమ్మ మేకలు పోక, పదకొండు.
రాక, పది.
ఆ రాత్రి టార్చిలైటు పట్టుకొని
పదకొండోదాన్ని దేవులాడవోయింది కూడ ఆయనే.

మేం నవ్వేటోళ్ళం.
మా తమ్ముడు రాజమొగిలి అయితే పొద్దున క్వారీకి పోతూ
చెప్పులు టక్కున కలిపి సెల్యూట్ కొట్టేటోడు:
"రాసుకో మామా, సిపాయి పోతుండు!"
ఆయన నవ్వకుండ రాసుకునేటోడు.
6.40. మొగిలి. పోక. టిఫిన్ గిన్నె, తల మీద తువ్వాల.
హెల్మెట్ లేదు.
ఈ చివరి మాట ప్రతి పొద్దు రాసిండు.

క్వారీ వాళ్ళ పేరు నేను చెప్పను.
పరకాల రోడ్డు మీద ఏ ఫ్లెక్సీ చూసినా కనబడతది.
అన్న కాంట్రాక్టరు, తమ్ముడు లీడరు, అల్లుడు వకీలు.
మేడారం జాతరకు ఊరికి రెండు బస్సులు వాళ్ళయే,
బడి గేటు మీది అక్షరాలు వాళ్ళయే,
గుట్టను నల్ల పలకలుగ కోసి
కాజీపేట దాటించి సముద్రం ఎక్కించేదీ వాళ్ళే.
మిగిలిన బొంద మాత్రం మాది.

మొగిలి మీద బండ జారిననాడు
ఎంజీఎం మార్చురీ ముంగట
అవ్వ ఇంకా ఏడ్పు మొదలే పెట్టలేదు,
మేనేజరు వచ్చి "మస్టర్ల వీని పేరే లేదు" అన్నడు.
"మేకల ఎంట వచ్చి పడ్డడు కావచ్చు."
పాపం అని రెండు లక్షలు, ఒక సిరా డబ్బీ తెచ్చిండు.
అవ్వ బొటనవేలు పట్టుకున్నడు.
మామ ఆ చేతిని తీసిండు,
నిద్రపోయే పిల్ల మీదికెళ్ళి పురుగును తీసినంత మెల్లగ.
"మస్టరు నా దగ్గరున్నది" అన్నడు.

లైసెన్సు తుపాకి ఎలక్షన్లప్పుడు ఠాణాల అప్పజెప్పిండు,
ఎస్సై ఇంకా "రేపు రా" అనే అంటుండు.
ఆయన చేతుల ఉన్నది విజిల్ ఒక్కటే.
మూడు స్కార్పియోలు. లైట్లార్పి వచ్చినయి.
మామ లేసి నిలబడి, ముప్పై ఏండ్ల కిందటి గొంతుతోని:
"థమ్! కౌన్ ఆతా హై?"
కుక్కలు కూడ ఆగినయి.
ఎవడూ పేరు చెప్పలే.
నడిమి బండ్ల ఒక పిలగాడు తల వంచుకున్నడు.
హన్మకొండ ఆర్మీ ర్యాలీకని
మామ వాన్ని ఆర్నెల్లు కాల్వ కట్ట మీద ఉరికిచ్చిండు,
బూట్లు కూడ ఆయనే కొనిచ్చిండు.
ఛాతీ రెండు సెంటీమీటర్లు తక్కువచ్చింది వానికి, అని
మామ ఇప్పటికీ బాధపడతడు.

రాడ్డు దెబ్బకు కుడిచెయ్యి విరిగింది.
రిజిస్టర్ మాత్రం వాళ్ళకు దొరకలే.
కోర్టు తారీఖు దాకా అది
అవ్వ బియ్యం డబ్బాల తవుడు వాసన పీల్చుకుంట పండుకున్నది.

అల్లుడు వకీలు నవ్విండు:
"మేకల లెక్క రాసుకునే ముసలాయన, యువరానర్!"
జడ్జమ్మ నవ్వలే.
పేజీలు తిప్పుకుంట పోయింది, నాలుగు వందల పన్నెండు పొద్దులు.
మొగిలి పోక, మొగిలి రాక,
పోక, రాక,
ఒక్కకాడ వేలు ఆగింది.
పోక అని ఉంది.
పక్క గడి తెల్లగ.
అప్పుడు మాత్రం మామ కిందికి చూసిండు.

తీర్పు రాలే. వాయిదా, మళ్ళ వాయిదా.
చెయ్యి అతికింది గాని పెన్ను నిలవదు.
కుర్చీ పక్కన పీటేసుకొని కూసుంట,
ఆయన చెప్తడు, నేను రాస్త.
2.10. టిప్పర్. నంబరు పలక మీద మట్టి.
2.35. ఇంకొకటి.
మూడు కావస్తుంటె అవ్వ తలుపు తీసి,
తొవ్వ దిక్కు కొద్దిసేపు చూసి,
మళ్ళ లోపలికి పోయింది.
"అది గూడ రాయాల్నా మామా?"
చాలాసేపటికి అన్నడు:
"రాయి."