పసుపు డబ్బా

రెండేండ్లు వంతెన దాటి
చెన్నూరుల తెచ్చుకున్న నిద్ర గోలీలు.
చిట్టీని నాలుగు మడతలు పెట్టి
పసుపు డబ్బాల దాచిన.
సిరొంచల ఒక్కలకు తెల్వదు,
పక్కల పండే బానయ్యకు సుత.

ఇయ్యాల జరమని సర్కారు దవాఖానకు పోతే
కొత్త డాక్టరు, నాగపూరు పిల్లగాడు,
నంబరు చెప్తే చాలంటడు,
ఎక్కడ ఏం మింగినా తెర మీదికొస్తదట.
నా వెనక లైన్ల తోడికోడలు పోసక్క,
మెడ కొంగలెక్క సాపి.

ఆయన వేలు మీటల మీద ఆగింది.
"సూడాల్నా, అక్కా?" వచ్చీరాని తెలుగుల.
లేచిపోయి తలుపేసిండు,
తెరను గోడ దిక్కు తిప్పిండు.
సూడకున్నా జరం మందిస్తనన్నడు,
కానీ కొన్ని గోలీలకు గోలీలకు పడదన్నడు.

బయట పోసక్క దగ్గు.
ఒక్కో అంకె చెప్పుకుంట పోయిన.
ఆఖరి రెండు
ఇంకా నా నోట్లనే ఉన్నయి.