పదకొండోది

మూడో అంతస్తుల రొవీనా వాళ్ళు
వీసా క్యాన్సలై దేశం పోతూ పోతూ
మూడడుగుల అద్దాల తొట్టి నాకిచ్చిన్రు.
యాభై దిరాంలు చేతుల వెడితే
ఇరవై తిరిగిచ్చి "మేతకు" అన్నది.

లిఫ్టుల పట్టలే.
నేనూ భూమేశూ ఐదో అంతస్తు దాకా
మలుపు మలుపుకు ఊపిరి బిగవట్టి మోసినం.

ఆరుగురం వండుకొని పండే రూముల
మూడడుగుల జాగంటే మాటలు గాదు.
భూమేశు సూట్‌కేసు మంచం కిందికి వోయింది,
నా చెప్పులు తలుపవతలికి.
గంగన్న రెండొద్దులు మాట్లాడలే.
మూడోనాడు తానే ఒక చెక్క తెచ్చి
వంకర వోయిన బల్ల కాలు కింద వెట్టిండు.

నీళ్ళ కత వేరే.
జులై నెల. షార్జాల చన్నీళ్ళ నల్లా తిప్పితే
చేతులు కాలుతయి.
బిల్డింగు నెత్తి మీది ట్యాంకు
దినమంతా పొయ్యి మీదున్నట్టే.
గీజరు బందు వెట్టి అందులకెళ్ళి
సల్లటి నీళ్ళు వట్టుకుంటం.
అవి గూడ సముద్రం నీళ్ళే,
ఉప్పు గుంజి పైపులకెక్కిచ్చినయి.
ఉప్పంటే ఎర్కలేని చాపలకు
సముద్రాన్నే మర్లవెట్టి పోస్తున్న.

మందు వాసన పోవాలని
రెండు రోజులు బకెట్లల్ల నిలవెట్టిన.
తానానికి లేచినోళ్ళు బకెట్లు లేక
నన్నూ చాపలనూ కలిపి తిట్టిన్రు.
పాత స్పాంజిని కడుగద్దు, పిండద్దు,
ఆ మురికిలనే జీవముంటదని
రొవీనా పోయే ముందు గట్టిగ జెప్పింది.
పాలల్ల తోడేసినట్టు
పాత నీళ్ళు ఒక చెంబెడు కలిపిన.

శుక్రవారం పొద్దుగాల
చాపలను సంచిల వెట్టి పైన తేలేసి
ఆగి ఆగి ఒక్కో గిలాస కొత్త నీళ్ళు పోస్తున్న.
"ఏమంత? ఒక్కపారి కుమ్మరియ్యరాదు" అన్నడు భూమేశు.
విమానం దిగినప్పుడు
అద్దం తలుపు తెరుచుకోంగనే
నీ మొఖం మీద కొట్టిన గాలి యాదికున్నదా అన్న.
వాడేమనలే.
తర్వాతి గిలాస వాడే పోసిండు.

గప్పీలు నాలుగు, నియాన్లు ఆరు.
పది. లెక్క సరిపోయింది.

పాత తొట్టి అడుగు గులకరాళ్ళు
బకెట్ల కుమ్మరియ్యబోతే
దారప్పోగసొంటిది మెసిలింది.
"పాముపిల్ల!" అని భూమేశు మంచమెక్కిండు.
పాము గాదు. లోచ్ చాప.
పసుపూ నలుపూ పట్టీలు.
నిరుటి రంజాన్ల కొన్న. రెండు వారాలు కనవడకపోతే
సచ్చిందనుకొని నోట్‌బుక్కుల కొట్టేసిన.
ఏడాది దాటింది. వేలెడు రాళ్ళ కింద
అది ఉండనే ఉన్నది.

అప్పుడే డ్యూటీ దిగొచ్చిన లింబాద్రి
గార్డు టోపీ తియ్యకనే వంగి సూసిండు.
మేం లేచేసరికి ఆయన పండుతడు,
మేం పండేసరికి బస్సెక్కుతడు.
మాకు ఎర్కైంది పై మంచం మీది దుప్పటి గుట్ట.
"ఇది బతికున్నదని నాకెర్కనే" అన్నడు.
"ఆఫ్ ఉన్న రాత్రి నాకు నిద్ర రాదు.
మీరంతా గుర్రువెడుతుంటే బయటికొస్తది.
రెండు మెతుకులేస్త. ఇద్దరం కూసుంటం."
"మరి చెప్పకపోతివి?"
"ఎవరడిగిన్రు?"
అని తువ్వాల భుజాన ఏసుకున్నడు.

లోచును ఆఖరికి ఒదిలిన.
పెద్ద తొట్టంతా ఒక సుట్టు తిరిగి
కొత్త రాళ్ళల్ల దూరింది.
మళ్ళ కనవడలే.

నోట్‌బుక్కు తీసి పది కొట్టేసి
పదకొండు అని రాసిన.
ఎనక పేజీలు మెస్సు లెక్కలయి.
ఐదు పేర్లు వరుసగ ఉన్నయి.
వాటి కింద, నా చేతిరాతనే:
పై మంచం, రెండొందల పది దిరాంలు.